అమ్మమ్మ చూసిన దాదీసా

పోయిన నెల హైదరాబాదులో ఒక నాటకం చూసి బయటికి వచ్చాక నలుగురం టీ కొట్టు దగ్గర నిలబడ్డాం. మాటల్లో హిందీ నటి సురేఖా సిక్రీ ప్రస్తావన వచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా నాటకాలు వేస్తున్న మిత్రుడొకరు టీ గ్లాసు పక్కన పెట్టి, "అల్కాజీ దగ్గర నేర్చుకున్న మనిషి. అంత పెద్ద నటి. చివరికి సీరియల్లో పడిపోయింది, పాపం" అన్నారు. అందరూ తల ఊపారు. నేనూ ఊపాను.

ఇంటికి వచ్చాక ఆ "పాపం" నన్ను నిద్రపోనివ్వలేదు. ఎందుకంటే ఆమె పడిపోయిందని మేమంతా జాలిపడిన ఆ సీరియల్నే మా అమ్మమ్మ నాలుగేళ్ళపాటు రోజూ చూసింది. మా మిత్రుడు ఎన్నడూ చూడని ఒక ప్రేక్షకురాలిని నేను పక్కన కూర్చుని చూశాను. ఆ రాత్రి టీ కొట్టు దగ్గర చెప్పవలసిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

మా అమ్మమ్మకు తొమ్మిదో ఏట పెళ్ళయింది. బాల్య వివాహాలను అడ్డుకునే శారదా చట్టం వచ్చి అప్పటికి పదిహేడేళ్ళు దాటింది, అయినా తెనాలి దగ్గర మా ఊళ్ళో ఆ చట్టం సంగతి ఎవరూ పట్టించుకోలేదు. పెళ్ళి గురించి అడిగితే ఆమె చెప్పేది ఒక్కటే: పీటల మీద నిద్ర వచ్చిందని, మేనమామ నెత్తి మీద మొట్టి లేపాడని. అంతకు మించి ఒక్క ముక్క చెప్పేది కాదు. మా టీవీలో ఆ సీరియల్, హిందీ "బాలికా వధు"కు తెలుగు అనువాదమైన "చిన్నారి పెళ్ళికూతురు", మొదలైనప్పుడు ఆమెకు డెబ్బై దాటాయి. సాయంత్రం దీపం పెట్టాక దూది ముందు వేసుకుని వత్తులు చేసుకుంటూ కూర్చునేది. ఆ చిన్నారి పెళ్ళికూతురు ఆనంది కనిపించినా, ఆనంది ఏడ్చినా చేతులు ఆగేవి కావు. ఆ ఇంటి బామ్మ దాదీసాగా సురేఖా సిక్రీ తెర మీదికి రాగానే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఆ వత్తి సగంలో ఆగిపోయేది. ఆమె వెళ్ళేదాకా అలాగే ఉండేది. తరువాత మళ్ళీ నలపడం మొదలుపెట్టేది.

అందరూ ఆ ముసలావిడను తిట్టుకునే రోజులవి. ఆనందిని బడి మాన్పించినందుకు మా అమ్మ టీవీ ముందే శాపనార్థాలు పెట్టేది. ఒకరోజు అమ్మమ్మ వత్తి చేతిలో పట్టుకుని మెల్లగా అంది: "ఆవిడకూ ఎవరో ఇలాగే చేసి ఉంటారు." దాదీసా బాల్యం కథ అప్పటికి తెలుగులో ఇంకా రాలేదు. ఆమెకు కూడా చిన్నతనంలోనే పెళ్ళయిందని, చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుందని తరువాత కదా మనకు చూపించింది. కథ చెప్పకముందే అమ్మమ్మకు ఎలా తెలిసింది? ఆ ముఖంలో కనిపించింది కనుక తెలిసింది. నేను నటన అంటే ఇదీ అని నమ్మింది ఆ సాయంత్రమే.

ఆమె తెచ్చుకున్నది

సురేఖా సిక్రీ 1945లో పుట్టారు. బాల్యం అల్మోడా, నైనితాల్ కొండల్లో గడిచింది, చదువు అలీగఢ్‌లో సాగింది. ఆపైన ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా, అక్కడ నాటక దర్శకుడు ఇబ్రహీం అల్కాజీ శిక్షణ. ఆ సంస్థ నాటక బృందమైన రెపర్టరీలో పదేళ్ళకు పైగా నటించాకే ముంబైకి మారారు. నాటకరంగానికి చేసిన సేవకు 1989లో సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్నారు. ఈ వివరాలు మా మిత్రుడికి నాకన్నా బాగా తెలుసు. తెలుసు కనుకనే ఆయనకు అంత బాధ.

కానీ ముంబైకి వచ్చిన తరువాత సినిమా ఆమెకు ఇచ్చింది ఏమిటి? 1978లో వచ్చిన మొదటి సినిమా "కిస్సా కుర్సీ కా" నుంచి చూసుకుంటూ రండి. మంచి దర్శకులు పిలిచారు, కాదనను. గోవింద్ నిహలానీ పిలిచారు, శ్యామ్ బెనెగల్ మళ్ళీ మళ్ళీ పిలిచారు. కానీ చాలాచోట్ల ఆమెకు దక్కింది కొద్ది నిమిషాలు. ఆ కొద్ది నిమిషాల్లోనే ఎవరూ మరిచిపోలేని మనిషిని నిలబెట్టి వెళ్ళిపోవాలి.

1988లో దూరదర్శన్‌లో వచ్చిన "తమస్" చూడండి. దేశ విభజన అల్లర్లలో ఇల్లు వదిలి పారిపోతూ వచ్చి తలుపు తట్టిన ముసలి సిక్కు దంపతులను లోపలికి రానిచ్చే ముస్లిం ఇల్లాలు రాజో ఆమె. ఇంట్లో కోడలు వద్దంటుంది. మగవాళ్ళు బయట దోపిడీకి వెళ్ళి ఉన్నారు, ఏ క్షణాన తిరిగి వస్తారో తెలియదు. రాజో మంచితనంతో కరిగిపోయి తలుపు తీసే మనిషి కాదు. ఆమెకు భయం ఉంది, విసుగు ఉంది, ఈ పీడ నా గుమ్మంలోకే రావాలా అన్న చిరాకు కూడా ఉంది. అయినా తలుపు తీస్తుంది. దయ ఎప్పుడూ మెత్తగా ఉండదని, గొణుక్కుంటూ కూడా మనిషి మంచి పని చేస్తాడని ఆ గుమ్మంలో నిలబడిన తీరులోనే చెప్పేసింది. ఆ పాత్రకు ఆమెకు మొదటి జాతీయ పురస్కారం వచ్చింది. పురస్కారం పేరు: ఉత్తమ సహాయ నటి.

రెండోది బెనెగల్ "మమ్మో"లో ఫయ్యూజీ పాత్రకు. అదీ సహాయ నటే. మూడోది 2018 నాటి "బధాయి హో"కు. మళ్ళీ సహాయ నటే. ముప్ఫై ఏళ్ళ వ్యవధిలో మూడు జాతీయ పురస్కారాలు, మూడూ ఒకే పేరుతో. ఎవరికి సహాయం అని అడగాలనిపిస్తుంది నాకు. రాజో ఎవరికి సహాయ పాత్ర? ఆ ఇంటి కథ అంతా నడిచేదే ఆమె తీసుకున్న నిర్ణయం మీద. మన భాషలో ఇంతకన్నా మంచి మాట లేదు, క్యారెక్టర్ ఆర్టిస్టు అంటాం, లేదా సహాయ నటి అంటాం. మొదటి మాట వింటే మిగతావాళ్ళకు క్యారెక్టర్ ఉండదా అనిపిస్తుంది, రెండోది వింటే ఎవరో కొంగు పట్టుకుని వెనక నడుస్తున్నట్టు ఉంటుంది.

మనిషి మారడానికి పట్టే కాలం

ఇక సీరియల్ దగ్గరికి వస్తాను. 2008 జూలైలో కలర్స్ ఛానల్‌లో "బాలికా వధు" మొదలయ్యేనాటికి ఆమెకు అరవై మూడేళ్ళు. అప్పటికే చాలా సీరియళ్ళలో చేశారు, టీవీ ఆమెకు కొత్త కాదు. అందరూ దాదీసా అని పిలిచే కల్యాణీ దేవి అనే ఆ రాజస్థానీ ఇంటి పెద్దావిడగా ఎనిమిదేళ్ళ పాటు, 2016లో సీరియల్ ముగిసేదాకా, జనం ఆమెను చూశారు. రెండు వేలకు పైగా భాగాలు.

మన పాత సినిమాల్లో గయ్యాళి అత్త ఎలా మారేదో గుర్తు చేసుకోండి. సూర్యకాంతం గారి కన్నా గొప్ప గయ్యాళి అత్త మనకు లేదు. ఆ ఎడమ చేతి విసురు చూసి పెరిగిన తరం మాది. ఆమె పేరు ఆడపిల్లకు పెట్టడానికి తెలుగువాళ్ళు జంకారంటే అది ఆ నటన శక్తి. కానీ ఆ మహానటికి సినిమా ఇచ్చిన గడువు ఎంత? పద్నాలుగు రీళ్ళు కోడలిని రాచిరంపాన పెట్టి, చివరి రీల్లో "నా కళ్ళు తెరిపించావమ్మా" అనాలి. ఐదు నిమిషాల్లో మారాలి. ఏ ఇంట్లో ఏ అత్త ఐదు నిమిషాల్లో మారింది? అందుకే ఆ మార్పును మనం ఎన్నడూ నమ్మలేదు. శుభం కార్డు పడేముందు జరిగే తంతు అది. గయ్యాళితనాన్ని మాత్రం నమ్మాం, ఎందుకంటే దానికి సమయం దొరికింది.

కల్యాణీ దేవికి సమయం దొరికింది. ఆమె మారడానికి ఏళ్ళు పట్టాయి. మారినట్టే మారి మళ్ళీ పాత పట్టుదలకు పోయేది. ఒకరోజు ఆనంది మీద చేయి ఎత్తిన మనిషే మరోరోజు ఆ పిల్ల నుదుటి మీద చేయి వేసి, వేసిన సంగతి తనకే నచ్చనట్టు తీసేసేది. చివరికి, ప్రాణంగా పెంచిన మనవడు, ఆనంది భర్త జగ్యా డాక్టరు చదువుకు వెళ్ళి మరో పెళ్ళి చేసుకుని వస్తే, ఆ ముసలావిడ వాణ్ణి గడప తొక్కనివ్వకుండా ఆనంది పక్కన నిలబడింది. ఆనందికి మళ్ళీ పెళ్ళి చేసింది. వైధవ్యాన్నీ కట్టుబాటునీ మెడలో కట్టుకుని బతికిన మనిషి, తాను తెచ్చిన కోడలిని తానే కూతురుగా ఇంకో ఇంటికి పంపింది. ఈ మార్పు రెండున్నర గంటల సినిమాలో జరిగితే ఎవరూ నమ్మరు. అన్నేళ్ళు జరిగింది కనుక నమ్మాం.

నా వాదన ఇదే. సీరియల్ ఆమెను కిందికి లాగలేదు. మనిషి కొద్దికొద్దిగా ఎలా మారతాడో చూపించడానికి కావలసిన నిడివి సినిమాలో లేదు, నాటకంలోనూ లేదు. సీరియల్లో ఉంది. చాలామంది నటులకు ఆ నిడివి శిక్ష, ఎందుకంటే దాన్ని నింపడానికి వాళ్ళ దగ్గర సరుకు ఉండదు. పదేళ్ళు రెపర్టరీలో రోజూ కొత్త పాత్రను కట్టి విప్పిన ఆమె దగ్గర ఉంది. ఆ సరుకుకు తగినంత పెద్ద కొట్టు ముంబైలో ఆ సీరియల్ ఒక్కటే.

ఒకే పాత్రకు ఆమెకు ఇండియన్ టెలీ అవార్డుల్లో 2008లో ప్రతినాయికగా బహుమతి వచ్చింది, 2011లో సహాయ పాత్రకు వచ్చింది. నా వాదనకు ఇంతకన్నా సాక్ష్యం నేను తేలేను. నటి అదే, పాత్ర అదే. మూడేళ్ళలో ఆ పాత్రను ఏ గదిలో కూర్చోబెట్టాలో బహుమతులిచ్చేవాళ్ళకే తెలియకుండా పోయింది.

నన్ను ఇబ్బంది పెట్టే సంగతులు

ఇంత ధైర్యంగా చెప్పాక, నాకే సమాధానం సరిగ్గా దొరకని విషయాలు కూడా చెప్పాలి.

మాకు దూరపు బంధువు ఒకావిడ ఉండేవారు, వరసకు పిన్ని. ఒక పండక్కి వచ్చినప్పుడు సీరియల్ చూస్తూ, కొత్తగా వచ్చిన కోడలు వినేలా అన్నారు: "చూడు, ఆ ఇంట్లో పెద్దావిడ మాటంటే ఎంత భయభక్తులో. ఇల్లంటే అలా ఉండాలి." కోడలు లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అదే నటన, అదే ముఖం. మా అమ్మమ్మకు అందులో ఒక గాయం కనిపించింది, మా పిన్నికి ఒక సింహాసనం కనిపించింది. నటి ఎంత గొప్పదైతే ఆ సింహాసనం అంత గొప్పగా ఉంటుంది. అధికారానికి ఆమె అంత అందం ఇవ్వకుండా ఉంటే పిన్ని ఆ మాట అనగలిగేవారా? ఈ ప్రశ్న నన్ను చాలాకాలం వేధించింది.

అప్పట్లో ఇది పార్లమెంటు దాకా కూడా వెళ్ళింది. 2009లో శరద్ యాదవ్ లోక్‌సభలో ఈ సీరియల్ మీద అభ్యంతరం చెప్పారు, బాల్య వివాహాలను ప్రోత్సహిస్తోందని. బాల్య వివాహాల నిషేధానికి 2006లో కొత్త చట్టం వచ్చిన దేశంలో, ఎనిమిదేళ్ళ పెళ్ళికూతురిని పట్టు బట్టల్లో, నగల్లో రోజూ చూపించడం ఏమిటని అడిగితే ఆ ప్రశ్న తేలిగ్గా తీసిపారేసేది కాదు. ప్రతి భాగం చివర హితవు వాక్యం వేసినంత మాత్రాన ఆ నగల మెరుపు తగ్గదు. నేను ఆ సీరియల్‌ను మొత్తంగా సమర్థించడం లేదు. తరువాతి ఏళ్ళలో కథ సాగి సాగి, తరాలు దూకి, మొదలుపెట్టిన సమస్యనే మరచిపోయింది. దాదీసా మంచిదైపోయాక ఆమెకు చేయడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు కూడా. ఇంటి పెద్దగా ఆశీర్వదించడం, గుమ్మంలో కంగారుపడటం. చూస్తుంటే ప్రాణం ఉసూరుమనేది.

పిన్ని విషయంలో మాత్రం నేను చివరికి ఒక నిర్ణయానికి వచ్చాను. దాదీసాను కోరలున్న రాక్షసిగా చూపించి ఉంటే పిన్ని తనను తాను అందులో చూసుకునేదే కాదు. నేను అలాంటిదాన్ని కాదు అనుకుని హాయిగా ఉండేది. తనను చూసుకుంది కనుకనే మెచ్చుకుంది. మెచ్చుకున్న ఆ మనిషే రెండేళ్ళ తరువాత దాదీసా ఆనందికి మళ్ళీ పెళ్ళి చేస్తుంటే కాదనలేకపోయింది. పిన్ని మారిందని నేను చెప్పను. కానీ ఆ రోజు టీవీ కట్టేయలేదు, ఏమీ అనకుండా చివరిదాకా చూసింది.

మనకు చేరని గొంతు

ఇంకో సంగతి. తెలుగులో చూసిన మనలో చాలామంది ఆమె గొంతు విననే లేదు. కొద్దిగా గరగరలాడుతూ, లోతుగా, మాట చివర అంచు పెట్టి కోసినట్టు ఉండే గొంతు అది. చాలా ఏళ్ళ తరువాత "బధాయి హో" చూసినప్పుడే నేను ఆ గొంతును మొదటిసారి శ్రద్ధగా విన్నాను. పెళ్ళి ఇంట్లో, లేటు వయసులో గర్భం దాల్చిన కోడలిని బంధువులు ఎత్తిపొడుస్తుంటే, అప్పటిదాకా తానే ఆ కోడలిని సణిగిన అత్త ఒక్కసారిగా తిరగబడి అందరి నోళ్ళూ మూయిస్తుంది. ఆ కోపం వింటూ అనుకున్నాను, అయ్యో, ఎనిమిదేళ్ళు ఈ గొంతు లేకుండా చూశామే అని. తెలుగులో దాదీసాకు గొంతు ఇచ్చిన కళాకారిణి కూడా తక్కువ పని చేయలేదు. ఆ పెదవుల కదలికకు, ఆ విరామాలకు తెలుగు మాటలు సరిపెట్టడం మామూలు విద్య కాదు. ఆమె పేరు మనం ఎవరమూ అడగలేదు. సహాయ నటి వెనక ఇంకో సహాయ నటి.

ఆ సీరియల్లో ఆనందిగా చేసిన చిన్నపిల్ల అవికా గోర్ 2013లో "ఉయ్యాలా జంపాలా"తో మనకు హీరోయిన్ అయింది. పత్రికల్లో ముఖచిత్రాలు, టీవీల్లో ముఖాముఖీలు. సంతోషమే. బామ్మ మాత్రం మనకు బామ్మగానే ఉండిపోయింది, పేరు లేకుండా.

2019 డిసెంబరు 23న ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో జాతీయ పురస్కారాలు ఇచ్చారు. "మహానటి"లో సావిత్రిగా నటించిన కీర్తి సురేష్ ఉత్తమ నటి. ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు చేతుల మీదుగా ఆమె అందుకుంటున్న ఫొటో తెలుగువాళ్ళం అందరం చూశాం. అదే వేదిక మీద అదే రోజు సురేఖా సిక్రీ చక్రాల కుర్చీలో వచ్చి తన మూడో పురస్కారం తీసుకున్నారు. "బధాయి హో" విడుదలైన కొద్ది వారాలకే, 2018 నవంబరులో, షూటింగుకు వెళ్ళినప్పుడు ఆమెకు బ్రెయిన్ స్ట్రోక్ వచ్చి పక్షవాతం పట్టింది. ఆమె వేదిక మీదికి రాగానే సభ అంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆ వీడియో నేను ఎన్నిసార్లు చూశానో. చప్పట్లు మోగుతున్నంతసేపూ ఆమె ముఖంలో ఒక చిన్న నవ్వు, అంతే. నేనైతే ఏడ్చాను.

పని అడిగిన మనిషి

మా మిత్రుడు జాలిపడవలసిన ఘట్టం ఏదైనా ఉంటే అది 2020 వేసవి. కరోనా తరువాత షూటింగులు మొదలుపెట్టుకోవచ్చంటూ మహారాష్ట్ర ప్రభుత్వం నియమాలు పెట్టినప్పుడు అరవై అయిదేళ్ళు దాటిన నటులు సెట్‌కు రాకూడదన్నారు. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ అరవై అయిదు దాటాకే చేతినిండా పని దొరికిన మనుషులు వీళ్ళు. హీరోలకు దాచుకున్న డబ్బు ఉంటుంది, తాతలూ బామ్మలుగా వేసేవాళ్ళకు ఏ రోజు పని ఆ రోజు కూలి. డెబ్బై అయిదేళ్ళ వయసులో, పక్షవాతం నుంచి కోలుకుంటూ, ఆమె గట్టిగానే మాట్లాడారు. తనకు దానం వద్దని, పని చేసుకుని బతకనివ్వమని. కొందరు ఆమె ఆర్థిక ఇబ్బందుల్లో ఉన్నారని రాస్తే దాన్నీ ఖండించారు. ఆ ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. సెప్టెంబరులో ఆమెకు మళ్ళీ బ్రెయిన్ స్ట్రోక్ వచ్చింది. 2021 జూలై 16న, డెబ్బై ఆరేళ్ళ వయసులో, గుండె ఆగి పోయారు. మన వార్తల్లో ఆమె పేరు కన్నా ముందు సీరియల్ పేరే వచ్చింది.

ముసలితనంలో కూడా పని కావాలని అడిగిన మనిషిని చూసి "పాపం" అంటాం. ఆమె అడిగింది మన జాలి కాదు కదా.

అమ్మమ్మ ఆ వార్త వినలేదు, అంతకు చాలా ముందే వెళ్ళిపోయింది. ఆనందికి దాదీసా మళ్ళీ పెళ్ళి చేసిన భాగం మాత్రం చూసింది. ఆ రోజు దూది ముందు వేసుకుంది కానీ ఒక్క వత్తి కూడా చేయలేదు. అయిపోయాక చాలాసేపు మాట్లాడలేదు. తరువాత తన పెద్దక్క సంగతి చెప్పింది. పన్నెండేళ్ళకు భర్త పోయాడట, డెబ్బై ఏళ్ళు తమ్ముళ్ళ ఇళ్ళల్లో పిండి విసురుతూ గడిపిందట. మా ఇంట్లో ఎవరికీ ఆ అక్క పేరు కూడా తెలియదు. అమ్మమ్మ ఆ పేరు చెప్పింది, పుల్లమ్మ అని.

కాసేపాగి, "ఆ పెద్దావిడ అసలు పేరేమిటి?" అని అడిగింది. ఫోనులో వెతికి సురేఖ అని చెప్పాను. "సురేఖా? మన పేరే" అంది. దూది బుట్ట దగ్గరికి లాక్కుని, చీకటి పడిందని లైటు వేయమంది.